సిమ్యులేషన్ ల్యాబ్‌కు ముందు ఏం కొనాలి, ఎవరితో కలవాలి?

బెంగళూరులోని ఒక నర్సింగ్ కళాశాలలో అధ్యాపకురాలిగా ఉన్న మీకు ఈ ఏడాది స్కిల్స్ ల్యాబ్ (రోగుల దగ్గరికి వెళ్లేముందు విద్యార్థులు సాధన చేసే గది) బాధ్యత అప్పగించారనీ, యాజమాన్యం వీఆర్ హెడ్‌సెట్లు కొనాలని ఉత్సాహపడుతోందనీ, ప్రస్తుతం ల్యాబ్‌లో ఉన్నవి రెండు సాదా మానికిన్లు (రోగి స్థానంలో వాడే మనిషి బొమ్మలు), ఒక ప్రసవ నమూనా, ఇంజెక్షన్ నేర్పే చేతి బొమ్మలు మాత్రమేననీ రాశారు. ఈ రంగంలో ఎవరితో పరిచయం పెంచుకోవాలి, కొత్తగా వస్తున్న వాటిలో ఏది పట్టించుకోదగినది, సిమ్యులేషన్ ఎడ్యుకేటర్ సర్టిఫికెట్ వల్ల ప్రయోజనం ఉంటుందా అని మూడు ప్రశ్నలు అడిగారు. మత్తు వైద్యంలో పనిచేస్తూ బెంగళూరులోనూ చెన్నైలోనూ చాలాకాలంగా సిమ్యులేషన్ శిక్షణలు, అంటే నిజమైన రోగి బదులు బొమ్మలతో, కల్పిత సన్నివేశాలతో నేర్పేవి, నడుపుతున్నవాడిగా నాకు తోచినది కాస్త వివరంగానే రాస్తాను.

మొదట తేల్చి చెప్పవలసింది చెప్పి, ఆ తర్వాత కారణాల్లోకి వెళ్తాను. ఈ ఏడాది డబ్బులో మొదటి వాటా, మీరూ మీతో పాటు మరొక అధ్యాపకురాలూ డీబ్రీఫింగ్‌ను, అంటే సాధన ముగిశాక జరిగినదాని మీద అందరి చేతా మాట్లాడించడాన్ని, పద్ధతిగా నేర్చుకోవడానికి వెచ్చించాలి. రెండో వాటా, సినారియో (సాధన కోసం కల్పించిన సన్నివేశం) ముగిశాక అందరూ గుండ్రంగా కూర్చుని తలుపు వేసుకుని మాట్లాడుకోగలిగే ఒక చిన్న గదికి, ఒక మామూలు కెమెరాకు, ఛాతీ ఎంత లోతుకు, ఎంత వేగంగా నొక్కుతున్నారో చూపించే ఒక సీపీఆర్ మానికిన్‌కు పోవాలి. హెడ్‌సెట్ల సంగతి వచ్చే ఏడాది చూసుకోవచ్చు. కొత్తదాన్ని చూసి జంకి చెబుతున్న మాట కాదిది. సినారియో పది నిమిషాలు నడిస్తే దాని మీద మాట్లాడుకోవడానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది, అసలు పాఠం జరిగేది ఆ రెండో భాగంలోనే. అందుకే ఏ కొత్త పరికరం వచ్చినా నేను ఒక్కటే అడుగుతాను: దీనివల్ల ఆ మాటలకు మంచి సరుకు దొరుకుతుందా, లేక ఆ మాటలు ఎగ్గొట్టడానికి మరో సాకు దొరుకుతుందా?

ఈ రంగం చరిత్రలో కూడా బొమ్మలు ముందు వచ్చాయి, వాటితో ఎలా నేర్పాలో తెలిసినవారి సంఘాలు చాలా ఆలస్యంగా వచ్చాయి. నార్వేలో పిల్లల ఆటబొమ్మలు తయారుచేసే ఆస్మండ్ లేర్డాల్ 1960లో రెససీ యాన్ బొమ్మను తీసుకొచ్చాడు. నోటితో ఊపిరి అందించే పద్ధతిపై పీటర్ సఫార్ వంటి మత్తు వైద్యులు చేసిన కృషే దానికి ప్రేరణ. 1960ల రెండో సగంలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఏబ్రహంసన్, డెన్సన్‌లు కంప్యూటర్‌తో నడిచే సిమ్ వన్‌ను తయారుచేశారు; అది ఒక్కటే తయారైంది, ఖర్చు భరించలేక అక్కడితో ఆగిపోయింది. దానికి భిన్నంగా 1968లో మయామిలో మైకేల్ గోర్డన్ రూపొందించిన హార్వీ అనే గుండె పరీక్ష బొమ్మ వారసులు నేటికీ కళాశాలల్లో కనిపిస్తున్నాయి. స్టాన్‌ఫర్డ్‌లో డేవిడ్ గాబా 1980ల చివరికల్లా ఆపరేషన్ థియేటర్‌లో ఆపద వచ్చినప్పుడు బృందం ఎలా ప్రవర్తిస్తుందన్న ప్రశ్నను విమానయానం నుంచి తెచ్చి మత్తు వైద్యంలో పెట్టాడు. సిమ్యులేషన్ అనేది యంత్రం పేరు కాదనీ, నేర్పే పద్ధతి పేరనీ ఆయన తర్వాతి కాలంలో రాసిన మాట ఈ రంగంలో అందరికీ కంఠతా ఉంటుంది. యూరప్‌లో సెసామ్ అనే సంఘం 1994లోనూ, అమెరికా కేంద్రంగా సొసైటీ ఫర్ సిమ్యులేషన్ ఇన్ హెల్త్‌కేర్ 2004లోనూ ఏర్పడ్డాయి. నర్సింగ్ సిమ్యులేషన్ సంఘమైన ఇనాక్సెల్ తన మొదటి ప్రమాణాలను 2011లో ప్రకటించింది. అంటే రెససీ యాన్ వచ్చిన యాభై ఏళ్లకు గానీ, దాన్ని చుట్టుకున్న బోధనకు రాతపూర్వకమైన ప్రమాణాలు రాలేదు. మన దేశంలో ఈ అంతరం ఇప్పుడే పూడడం మొదలైంది, అందుకే మీ కళాశాలలో జరుగుతున్నది వింతేమీ కాదు.

శిక్షణ వల్ల రోగికి మేలు జరిగిందని గట్టిగా చూపించిన అధ్యయనాలు కొన్నే ఉన్నాయి, కానీ వాటిని జాగ్రత్తగా చదవాలి. షికాగోలోని నార్త్‌వెస్టర్న్‌లో బార్సుక్ బృందం 2009లో ప్రచురించిన అధ్యయనంలో, రెసిడెంట్ డాక్టర్లు సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి ఎక్కించే గొట్టం, అంటే క్యాథెటర్) వేయడంలో ముందుగా నిర్ణయించిన ప్రమాణాన్ని బొమ్మ మీద అందుకునేదాకా సాధన చేసిన తర్వాత, ఆ ఐసీయూలో రక్తప్రవాహ ఇన్‌ఫెక్షన్లు వెయ్యి క్యాథెటర్ రోజులకు (ఒక రోగికి గొట్టం ఉన్న ఒక్కో రోజు ఒకటిగా లెక్క) 3.2 నుంచి 0.5కు తగ్గాయి. బ్రిస్టల్‌లోని సౌత్‌మీడ్ ఆసుపత్రిలో ప్రసవ సమయంలో బిడ్డ భుజం చిక్కుకున్నప్పుడు ఏం చేయాలో డాక్టర్లకూ మిడ్‌వైఫ్‌లకూ కలిపి నేర్పిన తర్వాత, అటువంటి ప్రసవాల్లో శిశువుకు గాయమయ్యే శాతం 9.3 నుంచి 2.3కు పడిపోయిందని డ్రేకాట్ బృందం 2008లో చూపించింది. ఈ రెండింటిలోనూ వాడిన బొమ్మలు అసాధారణమైనవి కావు. మొదటిదానిలో అందుకోవలసిన స్థాయి ముందే తేల్చి పెట్టుకుని, అది అందేదాకా మళ్లీ మళ్లీ చేయించారు; రెండోదానిలో కలిసి పనిచేసేవారిని కలిపే కూర్చోబెట్టారు. ఫలితం అందులోంచి వచ్చింది.

నర్సింగ్ కళాశాలల యాజమాన్యాలు ఎక్కువగా ఉదహరించేది అమెరికా జాతీయ నర్సింగ్ బోర్డుల మండలి 2014లో ప్రచురించిన అధ్యయనం. పది నర్సింగ్ కళాశాలల్లో ఆసుపత్రి గంటల్లో సగం దాకా సిమ్యులేషన్‌తో భర్తీ చేసినా, విద్యార్థుల లైసెన్సు పరీక్ష ఫలితాల్లోనూ ఉద్యోగంలో చేరిన మొదటి ఆరు నెలల పనితీరులోనూ చెప్పుకోదగ్గ తేడా లేదని అది తేల్చింది. ఈ మాట విన్న వెంటనే ఆసుపత్రి పోస్టింగులు తగ్గించుకోవచ్చని లెక్కలు వేసేవారిని చూశాను. కానీ ఆ కళాశాలల్లో సిమ్యులేషన్ నడిపినవారు దానికోసమే ప్రత్యేకంగా శిక్షణ పొందిన బృందాలు, డీబ్రీఫింగ్‌ను ఒక నిర్ణీత పద్ధతిలో చేసినవారు. ఆ షరతు మన దగ్గర నెరవేరనంతవరకు ఆ ఫలితాన్ని మనకు అన్వయించుకునే హక్కు లేదు. మీ యాజమాన్యం ఆ అధ్యయనాన్ని ముందు పెడితే, షరతును కూడా దాని పక్కనే పెట్టండి.

డీబ్రీఫింగ్ అంటే ఏమిటో వివరణ ఇవ్వడం కన్నా ఒక సన్నివేశం దగ్గరగా చూపించడం మేలు. ప్రసవానంతర రక్తస్రావం మీద ఒక సినారియో పెట్టాము. ఒక అధ్యాపకురాలు నడుముకు ప్రసవ నమూనా కట్టుకుని బాలింతగా పడుకున్నారు. రంగు కలిపిన నీరు నెమ్మదిగా ప్యాడ్ల మీదకు కారుతోంది. చివరి సంవత్సరం విద్యార్థినులు ఇద్దరు, ఒక స్టాఫ్ నర్సు, ఒక హౌస్ సర్జన్ పాల్గొన్నారు. రక్తం ఎంత పోయిందని అడిగితే మూడు, నాలుగు వందల మిల్లీలీటర్లు ఉండవచ్చని అందరూ ఒప్పుకున్నారు. ఇంతలో హౌస్ సర్జన్ మానిటర్ వైపు చూస్తూ రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ ఒక గ్రాము ఇవ్వమన్నాడు. సినారియో ఆగేదాకా ఆ మందు సిరంజిలోకి ఎక్కలేదు.

తర్వాత గదిలో కూర్చున్నప్పుడు ఫెసిలిటేటర్, అంటే ఆ సెషన్ నడిపే అధ్యాపకురాలు, మందు ఎందుకు ఇవ్వలేదని ఎవరినీ నిలదీయలేదు. ఆమె అన్న మాటలు దాదాపు ఇవి: “డాక్టరుగారూ, మీరు మందు చెప్పినప్పుడు మీ చూపు మానిటర్ మీద ఉంది, ఎవరి పేరూ మీరు పలకలేదు. ఎవరు తీసుకుంటున్నారో మీకు తెలియకుండా పోతుందేమోనని నాకు కంగారు కలిగింది. ఆ సమయంలో మీరు ఏం ఆలోచిస్తున్నారు?” బీపీ పడిపోతోందనీ, మందు సంగతి సిస్టర్ చూసుకుంటారనుకున్నాననీ అతడు చెప్పాడు. తాను గర్భాశయం మసాజ్ చేస్తూ ఉన్నాననీ, విద్యార్థిని తీస్తుందనుకున్నాననీ స్టాఫ్ నర్సు చెప్పింది. విద్యార్థిని కాసేపు తటపటాయించి, ఆ మాట తనకు వినిపించిందనీ, అయితే తనలాంటివారు తమంతట తాముగా క్రాష్ కార్ట్ (అత్యవసర మందుల బండి) తెరవవచ్చో లేదో తెలియక ఆగిపోయాననీ చెప్పింది. మందు పేరు, మోతాదు ముగ్గురికీ తెలుసు. తెలియనిది ఎవరి చేయి కదలాలన్నది. ఆ తర్వాత ప్యాడ్లు తూకం వేసి, పొడి ప్యాడ్ల బరువు తీసేసి, గ్రాముకు ఒక మిల్లీలీటర్ చొప్పున లెక్క కడితే పోయిన రక్తం ఎనిమిది వందలు దాటింది. కంటి అంచనా ఎంత మోసం చేస్తుందో అక్కడ ఎవరూ ఉపన్యాసం ఇవ్వవలసిన అవసరం లేకపోయింది.

ఆ ఫెసిలిటేటర్ వాడిన పద్ధతి ఆషామాషీగా అబ్బినది కాదు. తాను చూసినది చెప్పడం, దాని మీద తన అభిప్రాయం దాచకుండా చెప్పడం, ఆ తర్వాత ఎదుటివారి ఆలోచనను నిజంగా తెలుసుకోవాలని అడగడం అనే ఈ వరుసను బోస్టన్‌లోని సెంటర్ ఫర్ మెడికల్ సిమ్యులేషన్‌కు చెందిన జెన్నీ రుడాల్ఫ్ తదితరులు 2006లో వివరించారు. ఎపిక్, చెంగ్‌లు 2015లో ప్రచురించిన పెర్ల్స్ అనే డీబ్రీఫింగ్ చట్రం, కొత్తగా మొదలుపెట్టేవారికి ఏ దశలో ఏం అడగాలో వాక్యాలతో సహా అందిస్తుంది. దాన్ని ఒక అట్ట మీద అంటించి చేతిలో పట్టుకుని నడిపినా తప్పులేదు, నేను చాలామంది చేత అలాగే చేయిస్తాను. మన తరగతి గదుల్లో మాస్టారు ప్రశ్న అడిగారంటే తప్పు పట్టుకోవడానికే అడిగారని పిల్లలు అనుకుంటారు. కాబట్టి మన దగ్గర మొదటి నాలుగైదు సెషన్లలో మీకు పొడిపొడి సమాధానాలే వస్తాయి. ఈ సెషన్‌కు మార్కులు లేవనీ, ఇక్కడ జరిగినది బయటికి పోదనీ ముందే చెప్పి, ఆ మాట మీద మీరు నిలబడితే నెమ్మదిగా మాటలు వస్తాయి. ఆ మరుసటి రోజు స్టాఫ్ రూమ్‌లో ఎవరో ఒక విద్యార్థిని పొరపాటు గురించి నవ్వుకున్నారంటే ఆ బ్యాచ్‌తో మీ పని అయిపోయినట్టే. వీడియో తీస్తే విద్యార్థుల రాతపూర్వక అనుమతి తీసుకోండి, ఎన్నాళ్లు ఉంచుతారో, ఎవరు చూస్తారో అందులోనే రాయండి. వీడియో ఏ ఫోన్‌లోకీ వెళ్లకూడదు.

బెంగళూరుకు ప్రత్యేకమైన సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. మన వార్డుల్లో నర్సు మలయాళీ, టెక్నీషియన్ కన్నడిగుడు, డాక్టరు తెలుగువాడు, రోగి మదనపల్లె నుంచో హిందూపురం నుంచో వచ్చినవారు కావడం రోజూ జరిగేదే. మందుల మోతాదు ఇంగ్లిష్‌లో పలికినప్పుడు ఫిఫ్టీన్‌కూ ఫిఫ్టీకీ మధ్య తేడా హడావిడిలో వినపడదు, అందుకే పదిహేను అనవలసిన చోట ఒకటి, ఐదు అని అంకెలు విడదీసి చెప్పించడం, విన్నవారు తిరిగి పలకడం, ఇచ్చాక ఇచ్చామని చెప్పడం సినారియోల్లో అలవాటు చేయిస్తాను. విదేశాల నుంచి కొన్న సినారియోల్లో ఈ బహుభాషా గందరగోళం ఉండదు కాబట్టి మీరే రాసుకోవాలి. అలాగే సిమ్యులేటెడ్ పేషెంట్ల విషయం. ఆరోగ్యవంతుడికి రోగి పాత్ర నేర్పించి వైద్యవిద్యలో వాడటం హోవర్డ్ బారోస్ 1963లో మొదలుపెట్టినదే. రాయలసీమ నుంచి వచ్చే పెద్దాయన గుండెనొప్పిని గ్యాస్ పట్టేసిందని చెబుతాడు, ఆయన నోరు తెరిచేలోపే కొడుకు సమాధానం చెప్పేస్తాడు, కోడలు పక్కన నిలబడి మరేదో సైగ చేస్తుంది. ఆ ముగ్గురి మధ్య నుంచి నిజం రాబట్టడం నేర్పాలంటే ఏ బొమ్మా పనికిరాదు. రిటైరైనవారు, నాటకాల అనుభవం ఉన్నవారు ఇందుకు బాగా ఉపయోగపడతారు. వయ్యాలికావల్‌లోని తెలుగు విజ్ఞాన సమితి వంటి చోట్ల పరిచయాలు ఉంటే అడిగి చూడండి. దారి ఖర్చులు, గౌరవ వేతనం తప్పక ఇవ్వండి, ఒకే రోజు పదిసార్లు చెడువార్త విని ఏడ్చే పాత్ర ఒకరి చేతే చేయించకండి.

ఇక ఎవరితో కలవాలన్న ప్రశ్న. మీరు నర్సింగ్‌లో ఉన్నారు కాబట్టి మొదట ఇనాక్సెల్ 2021లో సవరించి విడుదల చేసిన ప్రమాణాలు చదవండి, అవి ఉచితంగానే దొరుకుతాయి. సినారియోకు ముందు విద్యార్థులను సిద్ధం చేయడాన్ని, అంటే ప్రీబ్రీఫింగ్‌ను, ఆ సవరణలో విడి ప్రమాణంగా చేర్చారు, మన దగ్గర ఎక్కువగా ఎగరగొట్టేది కూడా దాన్నే. సెసామ్ నడిపే అడ్వాన్సెస్ ఇన్ సిమ్యులేషన్ అనే పత్రిక కూడా చందా లేకుండా చదవవచ్చు. సొసైటీ ఫర్ సిమ్యులేషన్ ఇన్ హెల్త్‌కేర్ ఏటా జనవరిలో అమెరికాలో పెద్ద సమావేశం పెడుతుంది, అక్కడి ప్రదర్శనశాలలో తిరిగితే బొమ్మల సంతలో తప్పిపోయినట్టు ఉంటుంది, మీ స్థాయిలో అంత ఖర్చు పెట్టుకుని వెళ్లవలసిన పని ఇప్పుడు లేదు. ఆ సంఘం ఆధ్వర్యంలో 2018లో వచ్చిన నైతిక నియమావళి మాత్రం ప్రింటు తీసి ల్యాబ్ గోడకు పెట్టుకోదగినది. 2024లో ఆ సంఘమూ సెసామ్ కలిసి ఎన్నో దేశాల సంఘాలతో ఒక ఉమ్మడి ప్రకటన తెచ్చాయి. సిమ్యులేషన్‌ను విద్యకే కాక ఆసుపత్రుల భద్రతకూ వాడాలని అడిగేటప్పుడు యాజమాన్యానికి చూపించడానికి అది పనికొస్తుంది.

మన దేశంలో పిల్లల వైద్యుల చొరవతో మొదలైన పీడీస్టార్స్ సంఘం ఫెసిలిటేటర్ శిక్షణలు నడుపుతుంది, దాని వార్షిక సదస్సు పేరు సిములస్. పిల్లల వైద్యం మీ విభాగం కాకపోయినా డీబ్రీఫింగ్ నేర్చుకోవడానికి అక్కడికి వెళ్లవచ్చు, ఎందుకంటే ఆ నైపుణ్యానికి విభాగంతో పనిలేదు. గురుగ్రామ్‌లోని ఎస్‌జీటీ యూనివర్సిటీలో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ భాగస్వామ్యంతో ఏర్పడిన జాతీయ రిఫరెన్స్ సిమ్యులేషన్ కేంద్రం నర్సింగ్ అధ్యాపకుల కోసమే ఉద్దేశించినది. కాబట్టి మీ ఇద్దరి శిక్షణకు మొదట విచారించవలసినది అక్కడే. గుండె ఆగినప్పుడు చేయవలసిన పనికి మత్తు వైద్యుల సంఘం నుంచి పుట్టిన ఇండియన్ రిససిటేషన్ కౌన్సిల్ ఉంది. సామాన్యులకు ఛాతీ నొక్కడం ఒక్కటే నేర్పే కోల్స్ పద్ధతిని ఆ కౌన్సిల్ 2017లో ప్రకటించింది, మీ విద్యార్థులు అపార్ట్‌మెంట్లకూ బడులకూ వెళ్లి నేర్పడానికి అది చాలా అనువుగా ఉంటుంది. బెంగళూరులో ఎంఎస్ రామయ్య అడ్వాన్స్‌డ్ లెర్నింగ్ సెంటర్‌ను, చెన్నై పోరూరులో శ్రీరామచంద్ర సంస్థలోని సిమ్యులేషన్ ఏర్పాట్లను ముందుగా అనుమతి తీసుకుని చూసి రండి. బొమ్మలను చూడటానికి కాదు; నిల్వ గది ఎలా సర్దారు, ఒక సెషన్‌కూ మరో సెషన్‌కూ మధ్య ఎంతమంది ఏం చేస్తున్నారు, పాడైన వాల్వు ఎవరు మారుస్తారు వంటివి అడిగి రాసుకోవడానికి. అన్నిటికన్నా ముఖ్యమైనది, మీకు దగ్గరలోని రెండు మూడు కళాశాలల ల్యాబ్ ఇన్‌చార్జులు నెలకు ఒకసారి ఒకరి డీబ్రీఫింగ్‌ను మరొకరు చూసి అభిప్రాయం చెప్పుకోవడం. పెద్ద సంఘాల సభ్యత్వం చేయలేని మేలు అది చేస్తుంది.

నిబంధనల సంగతి రెండు మాటల్లో చెబుతాను. వైద్య కళాశాలల్లో 2019 నుంచి సామర్థ్య ఆధారిత పాఠ్యప్రణాళిక వచ్చింది. ఏటా 150 మంది దాకా చేర్చుకునే కళాశాలకు కనీసం 600 చదరపు మీటర్ల స్కిల్స్ ల్యాబ్, అందులో డీబ్రీఫింగ్‌కు చోటు ఉండాలని 2020 నిబంధనలు చెప్పాయి. మీకు వర్తించే సవరించిన బీఎస్సీ నర్సింగ్ నిబంధనలు 2021లో గెజిట్‌లో వచ్చాయి, సిమ్యులేషన్ గంటలు వాటి సిలబస్‌లోనే ఉన్నాయి. కాబట్టి గది కావాలని మీరు అడగడం విలాసం కిందికి రాదు. చదరపు మీటర్లు తనిఖీలో కొలుస్తారు, డీబ్రీఫింగ్ నాణ్యతను కొలవరు, అందువల్లే ఇంకా ప్లాస్టిక్ కవరు తీయని మానికిన్లు తనిఖీ రోజున మాత్రమే మంచం ఎక్కే ల్యాబ్‌లు బెంగళూరులోనూ చెన్నైలోనూ ఉన్నాయి.

కొత్త పరిణామాల్లో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది హెడ్‌సెట్ కాదు, ఒక ప్లాస్టిక్ సంచి. 2023లో ఈ-మోటివ్ అనే పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లోని 80 ఆసుపత్రుల్లో రెండు లక్షలకు పైగా ప్రసవాలను పరిశీలించారు. రక్తాన్ని కొలిచే గీతలున్న సంచిని బాలింత కింద పరచి, రక్తస్రావాన్ని ముందే గుర్తించి, మసాజ్, మందులు, సెలైన్, పరీక్ష అన్నీ ఒకదాని కోసం మరొకటి ఆగకుండా వెంటవెంటనే మొదలుపెట్టినప్పుడు తీవ్ర రక్తస్రావం, దానివల్ల ఆపరేషన్, మరణం వంటి ఫలితాలు 60 శాతం తగ్గాయి. ఆ మార్పు తేవడంలో ఆసుపత్రిలోనే సిమ్యులేషన్‌తో ఇచ్చిన శిక్షణ ఒక భాగం. మీ ప్రసవ నమూనాతో రేపే మొదలుపెట్టగల పని ఇది. బిహార్‌లోనూ ప్రభుత్వ ఆసుపత్రుల నర్సులకు ప్రాంటో అనే సంస్థ ఇలాగే నేర్పింది. నటించే మనిషి వేసుకునే ప్రత్యేకమైన ప్యాంటు, బొమ్మ బిడ్డ, రంగునీళ్లు వాళ్ల సరంజామా. అసలు మనిషి నొప్పితో అరుస్తుంటే వచ్చే ఒత్తిడి లక్షల ఖరీదు చేసే మానికిన్ ముందు రాదు.

రెండో మంచి పరిణామం ఇన్ సీటు సిమ్యులేషన్, అంటే ల్యాబ్‌లో కాకుండా వార్డులోనే, అక్కడి సిబ్బందితోనే, అక్కడి సామానుతోనే సినారియో నడపడం. కోవిడ్ కాలంలో కొత్త ఐసీయూలు తెరిచేముందు చాలా ఆసుపత్రులు దీన్ని ఆశ్రయించాయి. ఆక్సిజన్ సిలిండర్ తిప్పే తాళంచెవి దారంతో కట్టి ఉండవలసిన చోట లేకపోవడం, లారింజోస్కోప్ (గొంతులోకి చూసే దీపమున్న పరికరం) వెలగకపోవడం, ట్రాలీ లిఫ్టులో పట్టకపోవడం, క్రాష్ కార్ట్ తాళం రాత్రి డ్యూటీలో లేని సిస్టర్ దగ్గర ఉండిపోవడం వంటివి ఇందులోనే బయటపడతాయి. వీటిని ఎవరి తప్పో రాయకుండా ఒక పట్టికగా వార్డు ఇన్‌చార్జికి ఇచ్చి, నెల తర్వాత అదే వార్డులో మళ్లీ నడపండి. అనుబంధ ఆసుపత్రి మీ కళాశాలను ఖర్చు పద్దుగా చూడటం మానేది అక్కడి నుంచే.

సీపీఆర్ విషయంలో జరిగిన మార్పు కూడా మేలైనదే. నేర్చుకున్న నైపుణ్యం మూడు నుంచి ఆరు నెలల్లో తగ్గిపోతుందని తెలిసిన తర్వాత, రెండేళ్లకోసారి రోజంతా కోర్సు పెట్టడం కన్నా, డ్యూటీలో ఉన్నప్పుడే తరచుగా కొద్ది నిమిషాల చొప్పున చేయించడం వైపు ప్రపంచం మొగ్గుతోంది. పెద్దవారికి లోతు ఐదు సెంటీమీటర్లకు తగ్గకుండా, ఆరు దాటకుండా, వేగం నిమిషానికి 100 నుంచి 120 మధ్య ఉండాలన్నది అందరూ వల్లిస్తారు. చేతుల కింద నిజంగా ఏం జరుగుతోందో పరికరం చూపిస్తే తప్ప తెలియదు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ తన పెద్దవారి సీపీఆర్ కోర్సుల్లో అటువంటి కొలిచే పరికరాన్ని 2019 నుంచి తప్పనిసరి చేసింది. అందుకే నా మొదటి కొనుగోళ్ల పట్టికలో దాన్ని చేర్చాను.

వీఆర్ పనికిరానిదని నేను అనను. అరుదైన పరిస్థితుల్లో ఏది ముందు, ఏది తర్వాత అన్న క్రమం నేర్పడానికి, ఒకే విద్యార్థి ఇంట్లోనైనా పదిసార్లు సాధన చేయడానికి అది బాగుంటుంది. సిర దొరికిందో లేదో వేలికి తెలియడం, ముఖానికి మాస్క్ బిగించి పట్టడం వంటివి అందులో రావు. పైగా హెడ్‌సెట్ ధర ఒక్కసారి పెడితే సరిపోదు, సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఏటా కట్టాలి, అరవై మంది బ్యాచ్‌కు నాలుగు హెడ్‌సెట్లు ఉంటే మిగతా యాభై ఆరు మంది ఏం చేస్తారో ముందే ఆలోచించాలి, కొందరికి కళ్లు తిరుగుతాయి, ప్రతివారి తర్వాత శుభ్రం చేయాలి. అమ్మడానికి వచ్చినవారిని రెండు ప్రశ్నలు అడగండి: సినారియోను మేమే మార్చుకోగలమా, విద్యార్థి తీసుకున్న ప్రతి నిర్ణయం డీబ్రీఫింగ్‌కు పనికొచ్చేలా మాకు కనిపిస్తుందా? రెండింటికీ చేసి చూపించగలిగితే అప్పుడు ధర మాట్లాడండి. కృత్రిమ మేధతో మాట్లాడే రోగులు రోగచరిత్ర అడగడం సాధన చేయడానికి ఉపయోగపడుతున్నాయి, ముఖ్యంగా మొదటి సంవత్సరం పిల్లలకు నోరు విప్పే ధైర్యం వస్తుంది. అయితే ఆ రోగి మనం వేసిన ప్రతి ప్రశ్నకూ పుస్తకంలో ఉన్నట్టు పూర్తి వాక్యంలో బదులిస్తాడు, తప్పు సమాచారం కూడా అంతే నమ్మకంగా చెబుతాడు. కొడుకు అడ్డు రాడు. కాబట్టి దాన్ని పరీక్షకు వాడకండి, అసలైన సమాచారంతో ఉన్న ఏ రోగి కేసునూ అందులోకి ఎక్కించకండి.

ఎవరూ అడగని, కానీ తప్పక చెప్పవలసిన జాగ్రత్త ఒకటుంది. 2014 చివర్లో అమెరికాలో శిక్షణ కోసమే తయారైన, స్టెరైల్ కాని సెలైన్ సంచులు పొరపాటున క్లినిక్‌లకు చేరి నలభై మందికి పైగా రోగులకు ఎక్కాయి, పలువురు జ్వరం, వణుకుతో ఆసుపత్రి పాలయ్యారు. ల్యాబ్‌లోని ప్రతి సీసా, సంచి, సిరంజి మీద శిక్షణకు మాత్రమే అని కన్నడలోనూ ఇంగ్లిష్‌లోనూ పెద్ద అక్షరాలతో అంటించండి. వార్డులో సినారియో నడిపితే తీసుకెళ్లినవి లెక్కపెట్టి తీసుకెళ్లి, లెక్కపెట్టి తిరిగి తీసుకురండి. గడువు తీరిన అసలు మందులను బొమ్మ మీద వాడే అలవాటు చాలాచోట్ల ఉంది, దాన్ని మీ ల్యాబ్‌లో ఆపించండి.

చివరగా సర్టిఫికెట్. సొసైటీ ఫర్ సిమ్యులేషన్ ఇన్ హెల్త్‌కేర్ 2012 నుంచి ఇస్తున్న సీహెచ్‌ఎస్‌ఈ (మీరు అడిగిన సిమ్యులేషన్ ఎడ్యుకేటర్ సర్టిఫికెట్) గుర్తింపుకు డిగ్రీతో పాటు సిమ్యులేషన్ బోధనలో రెండేళ్ల అనుభవం కావాలి, బహుళైచ్ఛిక ప్రశ్నల పరీక్ష రాయాలి, మూడేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. బొమ్మలు, సాఫ్ట్‌వేర్ నడిపే సాంకేతిక సిబ్బందికి వేరే గుర్తింపు ఉంది. అధ్యాపకుల నియామక నిబంధనల్లో మన కౌన్సిళ్లు దీన్ని అడగవు కాబట్టి ప్రమోషన్ కోసమైతే తొందరపడవద్దు. పెద్ద కార్పొరేట్ ఆసుపత్రుల శిక్షణ విభాగాల్లోకో, గల్ఫ్ దేశాలకో వెళ్లే ఆలోచన ఉంటే అది దరఖాస్తుకు బలం ఇస్తుంది. ఈలోగా ప్రతి సెషన్‌కు తేదీ, సినారియో పేరు, ఎంతమంది పాల్గొన్నారు, డీబ్రీఫింగ్ ఎవరు చేశారు, ఎంతసేపు పట్టింది, తర్వాత ఏం మార్చారు అన్నవి ఒక రిజిస్టర్‌లో రాసి ప్రిన్సిపాల్ సంతకం తీసుకుంటూ ఉండండి. రెండేళ్ల తర్వాత దరఖాస్తు నింపేటప్పుడు మీ అనుభవానికి ఆధారం అదే అవుతుంది, వచ్చే బడ్జెట్ సమావేశంలో హెడ్‌సెట్ల ప్రస్తావన మళ్లీ వచ్చినప్పుడు మీరు ముందు పెట్టవలసిన కాగితమూ అదే.